సాల్వెంట్ల మధ్య పనిచేసేవారికి మూత్ర పరీక్షలు: బల్క్ డ్రగ్ పరిశ్రమకు ఒక సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పాలమూరు వైపు జడ్చర్ల, అనకాపల్లి జిల్లాలోని పరవాడ వంటి చోట్ల ఉన్న బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలలో, అంటే మందులకు కావలసిన ముడి మందును తయారుచేసే చోట్ల, వేలాదిమంది రోజూ సాల్వెంట్లతో, అంటే ఇతర పదార్థాలను కరిగించే ద్రావకాలతో పనిచేస్తారు. రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి పొడి వేసేవారు, డ్రమ్ముల నుంచి టోలుయీన్ ఛార్జింగ్ చేసేవారు, వేగంగా తిప్పి వడగట్టే సెంట్రిఫ్యూజ్ నుంచి తడి కేకును (మిగిలిన తడి ముద్దను) తీసేవారు, శాంపిల్ కోసం సీసా పట్టుకుని నిలబడేవారు, వీరందరి ఒంట్లోకి ఎంత రసాయనం చేరుతోందన్న ప్రశ్నకు గాలి కొలతలు ఇచ్చే జవాబు అసంపూర్ణం. కాలరుకు తగిలించిన చిన్న గొట్టం ముక్కు ముందున్న గాలిని మాత్రమే కొలుస్తుంది. చేతి తొడుగు గుండా చర్మంలోకి దిగినదానిని, తొడిగిన మాస్కు ఆపగలిగినదానిని, ఆపలేకపోయినదానిని అది చెప్పలేదు. ఏ దారిన వచ్చినా శరీరంలోకి చేరిన మొత్తానికి ఒక అంచనా ఇవ్వగలిగేది మూత్రం.

ఈ వ్యాసం ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్లను, సేఫ్టీ ఆఫీసర్లను, భద్రతా కమిటీలో కూర్చునే కార్మిక ప్రతినిధులను ఉద్దేశించి రాసినది. ఈ పరీక్షలో ల్యాబులోని యంత్రాల వల్ల వచ్చే తప్పుల కంటే నమూనా ల్యాబుకు చేరకముందే జరిగే తప్పులు ఎక్కువ కనుక ఇక్కడ ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

మొదటి పని: ఏ రసాయనానికి ఏ సూచికను వెతకాలో తేల్చుకోవడం

ప్రొడక్షన్ బ్లాకులో వాడే సాల్వెంట్ల జాబితాను స్టోర్స్ రికార్డుల నుంచి తీసుకుని, ఒక్కొక్కదాని ఎదుట మూడు విషయాలు రాయాలి: నెలకు ఎంత వాడుతున్నారు, తెరిచి ఉన్న స్థితిలో మనిషి దానికి ఎక్కడ ఎదురవుతాడు, అది చర్మం గుండా లోపలికి వెళ్తుందా లేదా. ఈ మూడింటినీ పక్కపక్కన చూస్తే పరీక్షించవలసినవి సాధారణంగా మూడు నాలుగింటికి మించవు. జాబితాలో ఉన్న ప్రతిదానికీ పరీక్ష చేయించడం డబ్బు దండగ మాత్రమే కాదు, అసలు చూడవలసినది ఆ గుంపులో కనబడకుండా పోతుంది.

శరీరం కొన్ని సాల్వెంట్లను మార్చి వేరే పదార్థంగా బయటకు పంపుతుంది, కొన్నింటిలో కొంత భాగాన్ని ఉన్నది ఉన్నట్టుగానే విసర్జిస్తుంది. మొదటి రకంలో ఆ మారిన పదార్థాన్ని, అంటే మెటబొలైట్‌ను కొలుస్తాము. రెండో రకంలో సాల్వెంట్‌నే కొలుస్తాము. మన ఫ్యాక్టరీలలో ఎక్కువగా ఎదురయ్యేవాటి సంగతి ఇది.

టోలుయీన్‌కు చాలాకాలం హిప్పూరిక్ ఆమ్లాన్ని కొలిచేవారు. పీల్చిన టోలుయీన్‌లో అధిక భాగం ఆ రూపంలోనే బయటకు వస్తుంది కనుక అది సహజమైన ఎంపికగానే కనిపించింది. చిక్కేమిటంటే, టీ, కాఫీ, పండ్లు, సోడియం బెంజోయేట్ కలిపిన శీతల పానీయాలు, సీసాలో అమ్మే పచ్చళ్ళు, ఇవన్నీ కూడా మూత్రంలో హిప్పూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. ఒకప్పుడు గాలిలో టోలుయీన్ వంద పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) ఉన్న రోజుల్లో ఆహారం వల్ల వచ్చే తేడా లెక్కలోకి రాలేదు. ఇప్పటి తక్కువ మోతాదుల దగ్గర మాత్రం ఆహారపు చప్పుడులో ఫ్యాక్టరీ మాట వినబడదు. అందుకే పని ప్రదేశాల్లో రసాయనాలకు హద్దులు సూచించే అమెరికాలోని ఏసీజీఐహెచ్ సంస్థ తన జీవసూచికల పట్టిక నుంచి హిప్పూరిక్ ఆమ్లాన్ని 2010లో తొలగించి, ఆర్థో-క్రెసాల్‌ను, మూత్రంలోని టోలుయీన్‌ను ఉంచింది. షిఫ్టు ముగింపులో ఆర్థో-క్రెసాల్‌కు గ్రాము క్రియాటినిన్‌కు 0.3 మిల్లీగ్రాములు, టోలుయీన్‌కు లీటరుకు 0.03 మిల్లీగ్రాములు అన్నవి ఆ సంస్థ ఇచ్చిన విలువలు. క్రియాటినిన్ అంటే శరీరం మూత్రంలో దాదాపు స్థిరంగా విసర్జించే ఒక పదార్థం, దాని లెక్క తరువాత వస్తుంది. కాబట్టి ఏ ల్యాబైనా టోలుయీన్ పరీక్ష అంటూ హిప్పూరిక్ ఆమ్లం ధర చెబితే ఆ కొటేషన్‌ను వెనక్కి పంపడమే మేలు.

మిథనాల్‌ను మిథనాల్‌గానే కొలవాలి. షిఫ్టు ముగింపులో లీటరుకు 15 మిల్లీగ్రాములు దాని సూచిక విలువ. ఫ్యాక్టరీలో అందరూ ఐపీఏ అని పిలిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ శరీరంలో అసిటోన్‌గా మారుతుంది కనుక అక్కడ కొలవవలసినది అసిటోన్. ఏకాదశి ఉపవాసం, రంజాన్ ఉపవాసం, అదుపులో లేని మధుమేహం ఉన్నప్పుడు శరీరం తనంతట తానే అసిటోన్‌ను తయారుచేస్తుందన్న సంగతి ఆ ఫలితం చదివేటప్పుడు గుర్తుండాలి. ఎండీసీ, అంటే మిథిలీన్ డైక్లోరైడ్, షిఫ్టు ముగింపు మూత్రంలో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటకూడదు. అది శరీరంలో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది కనుక, సిగరెట్ తాగే ఎండీసీ కార్మికుడికి గుండె మీద పడే భారం రెండు వైపుల నుంచి వస్తుంది.

డీఎంఎఫ్, అంటే డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది చర్మం గుండా చాలా సులువుగా లోపలికి వెళ్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ద్రవంగా తాకినదే కాక ఆవిరి కూడా చర్మం నుంచి ఇంకుతుంది. అందువల్ల డీఎంఎఫ్ వాడే చోట గాలి కొలత ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదకరం. దీనికి రెండు సూచికలున్నాయి. ఎన్-మిథైల్ ఫార్మమైడ్ కొన్ని గంటల్లో తగ్గిపోతుంది కనుక ఆ రోజు సంగతి చెబుతుంది. ల్యాబులు ఏఎంసీసీ అని పిలిచే రెండోది సగానికి తగ్గడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అందువల్ల పని రోజులు గడిచేకొద్దీ పేరుకుంటూ వారం మొత్తం సంగతి చెబుతుంది.

బెంజీన్‌ను ఇప్పుడు తెలిసి సాల్వెంట్‌గా వాడేవారు తక్కువే కానీ, నాసిరకం సాల్వెంట్లలో అది కలిసి రావచ్చు. అనుమానం ఉంటే ఎస్-ఫినైల్ మెర్‌క్యాప్ట్యూరిక్ ఆమ్లాన్ని కొలిపించాలి. బెంజీన్‌కే వాడే మ్యుకోనిక్ ఆమ్లం పరీక్ష చవకే అయినా, సాస్‌లలో, బేకరీ సరుకులో నిల్వ కోసం వేసే సార్బిక్ ఆమ్లం కూడా కొంత మ్యుకోనిక్ ఆమ్లంగానే మారుతుంది.

ప్రతిదానికీ మూత్రమే మార్గం కాదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సీసం (లెడ్) లోహానికి రక్తాన్ని, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు ముఖ్యంగా రక్తంలోని కోలినెస్టరేస్ అనే ఎంజైమ్‌ను చూడాలి.

సమయం

మన దగ్గర మామూలుగా జరిగేది ఏమిటంటే, ఏడాదికోసారి ఆరోగ్య శిబిరం వ్యాను ఉదయం తొమ్మిదికి గేటు దగ్గర ఆగుతుంది, షుగర్, ఆల్బుమిన్ కోసం ఎలాగూ మూత్రం తీసుకుంటున్నాము కదా అని అదే సీసా సాల్వెంట్ పరీక్షకూ వెళ్తుంది. మిథనాల్, టోలుయీన్ వంటివి కొన్ని గంటల్లోనే సగానికి తగ్గుతాయి. ముందు రోజు మధ్యాహ్నం రెండింటికి పని ముగించిన మనిషి మర్నాడు ఉదయం ఇచ్చిన మూత్రంలో అవి కనబడకపోవడం ఫ్యాక్టరీ శుభ్రతకు రుజువు కాదు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకుని అంతా బాగుందని అనుకోవడం కంటే పరీక్ష చేయించకపోవడమే నయం, కనీసం తెలియదన్న సంగతైనా తెలుస్తుంది.

షిఫ్టు ముగింపు నమూనా అంటే పని ఆగిన వెంటనే, వీలైనంత త్వరగా తీసుకున్నది. షిఫ్టు ముందు నమూనా అంటే చివరి పని ముగిసి సుమారు 16 గంటలు గడిచాక తీసుకున్నది. వారాంతపు నమూనా అంటే వరుసగా నాలుగైదు రోజులు పనిచేసిన తరువాతది. ఈ మూడో మాటను శనివారం అని అర్థం చేసుకోవడం వల్ల తప్పులు జరుగుతుంటాయి. మన ఫ్యాక్టరీలలో వారపు సెలవు ఒక్కొక్కరికి ఒక్కో రోజు వస్తుంది కనుక, ఏఎంసీసీ పరీక్షకు ఎవరిని ఏ రోజు పిలవాలో క్యాలెండర్‌లో కాదు, హాజరు పట్టికలో చూసి నిర్ణయించాలి.

ఏ షిఫ్టు అన్నది కూడా ముఖ్యమే. ఆ బ్యాచ్‌లో సాల్వెంట్ ఛార్జింగ్, సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ జరిగే షిఫ్టునే ఎంచుకోవాలి. అది రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఉండే సీ షిఫ్టు అయితే నమూనా తీసుకునేవారు ఉదయం ఆరుకు అక్కడ ఉండాలి. పన్నెండు గంటల పని నడిచే చోట సూచికలతో పోల్చేటప్పుడు జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే ఆ విలువలు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై గంటల పనిని దృష్టిలో ఉంచుకుని పెట్టినవి. పరీక్ష వారంలో బ్యాచ్‌లు తగ్గించడం, ఎక్కువ తాకిడి ఉన్న మనిషిని వేరే బ్లాకుకు పంపడం వంటివి జరగకుండా కార్మిక ప్రతినిధి చూసుకోవాలి. అందుకే ఆ రోజు బ్యాచ్ రికార్డు నంబరును నమూనా పత్రంలో రాయడం మంచి అలవాటు.

సమ్మతి, వివరాల సేకరణ

మూత్రం ఇవ్వమనగానే కార్మికుడికి మొదట వచ్చే అనుమానం మద్యం కోసమో, మరేదైనా జబ్బు కోసమో చూస్తున్నారని. ఆ అనుమానం తీరకపోతే నమూనాలో నీళ్ళు కలుస్తాయి, లేదా పక్కవాడి మూత్రం వస్తుంది. కాబట్టి ముందుగానే ఏ రసాయనం కోసం చూస్తున్నారో, ఇంకేవీ చూడబోమని, ఫలితం మొదట ఎవరికి చేరుతుందో, దాని ఆధారంగా ఎవరి ఉద్యోగమూ పోదని చెప్పి, అదే విషయం రాసిన కాగితం మీద సంతకం తీసుకోవాలి. ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు ఎక్కువగా ఉండే బ్లాకుల్లో తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించడం సమ్మతి అనిపించుకోదు. వారి భాషలో చెప్పగలిగిన తోటి కార్మికుడిని పక్కన ఉంచుకోవాలి. ఇచ్చిన మాటను యాజమాన్యం నిలబెట్టుకోలేదని ఒక్కసారి తేలితే ఆ ఫ్యాక్టరీలో మళ్ళీ నిజాయితీగల నమూనా దొరకదు.

ఆ వెంటనే ఒక చిన్న ప్రశ్నపత్రం నింపాలి. ఆ షిఫ్టులో చేసిన పనులు, ఎంతసేపు చేశారు, ఏ తొడుగులు, ఏ మాస్కు వాడారు, ఒంటిమీద సాల్వెంట్ చిందిందా, గత రెండు రోజుల్లో బీడీ, సిగరెట్, కల్లు, మద్యం, వేసుకున్న మాత్రలు, ఇంట్లో పెయింటు పని ఏమైనా చేశారా అన్నవి అందులో ఉండాలి. మద్యం తాగితే కాలేయం ముందు ఆ పనిలో పడుతుంది, సాల్వెంట్‌ను మార్చే పని ఆలస్యమవుతుంది, కాబట్టి మెటబొలైట్ తక్కువగా కనబడవచ్చు. ఆస్పిరిన్ వేసుకున్న మనిషిలో జైలీన్ అనే మరో సాల్వెంట్ మెటబొలైట్ తగ్గుతుంది. అనిలీన్ పరీక్షలో చూసే పారా-అమైనోఫీనాల్‌ను పారాసిటమాల్ పెంచేస్తుంది. డీఎంఎఫ్ దగ్గర పనిచేసేవారిలో తాగినప్పుడు ముఖం ఎర్రబడి మండుతోందని ఎవరైనా చెబితే దాన్ని నవ్వులాటగా తీసుకోకూడదు. అది డీఎంఎఫ్ లోపలికి వెళ్తోందనడానికి బాగా తెలిసిన గుర్తు.

నమూనా తీసుకునే పద్ధతి

పని బట్టలు విప్పి, చేతులు సబ్బుతో కడిగి, వీలుంటే స్నానం చేసి, ప్రొడక్షన్ బ్లాకుకు దూరంగా ఉన్న శుభ్రమైన మరుగుదొడ్డిలో నమూనా ఇవ్వాలి. సాల్వెంట్ తడిసిన తొడుగుతో సీసా మూత తెరిస్తే కొలిచేది మనిషిని కాదు, ఆ తొడుగును. వైద్యశాల గదిలో నిల్వ ఉంచిన స్పిరిట్ సీసా, చేతులకు రాసుకునే ఐపీఏ శానిటైజర్ కూడా ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

మెటబొలైట్లకు శుభ్రమైన పాలీప్రొపిలీన్ డబ్బా సరిపోతుంది. టోలుయీన్, ఎండీసీ, మిథనాల్ వంటి ఆవిరయ్యేవాటిని నేరుగా కొలిచేటట్లయితే, డబ్బాలోకి తీసుకున్న మూత్రాన్ని నిమిషాల్లోనే ల్యాబు ఇచ్చిన గాజు వయల్‌లోకి మార్చి, రబ్బరు సెప్టమ్ మూతను బిగించాలి. మే నెల ఎండలో మూత లేని డబ్బాను పది నిమిషాలు బల్ల మీద ఉంచితే ఎండీసీలో కొంత ఎగిరిపోతుంది. సీసా మీద పేరు రాయకుండా సంకేత సంఖ్య, తేదీ, గంట, షిఫ్టు రాయాలి.

నమూనాలతోపాటు మరో రెండు రకాల సీసాలు ల్యాబుకు వెళ్ళాలి. ఒకటి, అదే గదిలో అదే డబ్బాలోకి పోసిన డిస్టిల్డ్ వాటర్. అందులో సాల్వెంట్ కనబడితే గదిలోనో డబ్బాలోనో కల్తీ ఉన్నట్టు. రెండోది, ఒకే మనిషి మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి వేర్వేరు సంఖ్యలతో పంపినది. ఆ రెండు ఫలితాలూ దూరంగా ఉంటే మిగిలినవాటిని నమ్మే ముందు ల్యాబును ప్రశ్నించాలి.

తీసుకున్న వెంటనే ఐస్ బాక్సులో పెట్టి, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి, ఒకటి రెండు రోజుల్లో పంపాలి. అంతకన్నా ఆలస్యమైతే మైనస్ ఇరవై డిగ్రీల ఫ్రీజర్ అవసరం. శనివారం కొరియర్‌కు ఇవ్వకూడదు, ఆదివారమంతా గోదాములో ఉండి ఐసు కరిగిపోతుంది.

ల్యాబును ఎంచుకోవడం

మన వీధి చివరి డయాగ్నస్టిక్ సెంటర్లలో ఈ పరీక్షలు జరగవు, వారు తీసుకున్నా వేరేచోటికి పంపుతారు. గ్యాస్ క్రొమాటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉన్న ల్యాబును వెతికి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల సామర్థ్యాన్ని పరీక్షించి గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని మాత్రమే కాకుండా, ఆ గుర్తింపు పరిధిలో మనకు కావలసిన సూచిక పేరు ఉందా అని చూడాలి. వృత్తి వైద్య పరీక్షలకు జర్మనీలోని ఎర్లాంగెన్ నుంచి నడిచే జీ-ఈక్వాస్ వంటి బయటి నాణ్యతా పోలికల్లో ల్యాబు పాల్గొంటోందా అని అడగడంలో తప్పులేదు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ రంగంలో దేశానికి ప్రధాన పరిశోధనా కేంద్రం కనుక పద్ధతుల విషయంలో సలహా కోసం అక్కడికి రాయవచ్చు. నమూనాలు తీసే ముందే డబ్బాలు, ల్యాబు కనిపెట్టగలిగే అతి తక్కువ మోతాదు, నివేదిక ఏ ప్రమాణాల్లో ఇస్తారన్నవి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

క్రియాటినిన్ లెక్క

మన వేసవి ఈ పరీక్షకు తెచ్చిపెట్టే ఇబ్బంది ఇక్కడ తెలుస్తుంది. బాయిలర్ పక్కన, పైకప్పు రేకుల కింద ఎనిమిది గంటలు చెమటోడ్చి, మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తక్కువ తాగిన మనిషి మూత్రం చిక్కగా ఉంటుంది. ఏసీ కంట్రోల్ రూములో కూర్చున్న మనిషి మూత్రం పలచగా ఉంటుంది. లీటరు లెక్కన చూస్తే చిక్కటి మూత్రంలో అన్నీ ఎక్కువగానే కనబడతాయి. శరీరం దాదాపు స్థిరంగా విసర్జించే క్రియాటినిన్‌తో భాగిస్తే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

ఉదాహరణకు ఒకరి మూత్రంలో ఆర్థో-క్రెసాల్ లీటరుకు 0.45 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ లీటరుకు 2.5 గ్రాములు అనుకుందాం. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే గ్రాము క్రియాటినిన్‌కు 0.18 వస్తుంది. మరొకరికి 0.24 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 0.6 గ్రాములు అయితే 0.40 వస్తుంది. లీటరు లెక్కన తక్కువగా కనిపించిన రెండో మనిషే 0.3 సూచికను దాటాడు.

క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల కంటే తక్కువ, 3 గ్రాముల కంటే ఎక్కువ ఉన్న నమూనాలను లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఏప్రిల్, మే నెలల్లో ఈ పై హద్దును దాటే నమూనాలు ఎక్కువగా వస్తాయి కనుక, షిఫ్టు పొడవునా నీళ్ళు అందుబాటులో ఉంచడం ఆరోగ్యానికే కాదు, పరీక్షకు కూడా అవసరం. అలాగని నమూనాకు ముందు చెంబెడు నీళ్ళు తాగించకూడదు. మిథనాల్, ఎండీసీ వంటివి మూత్రంలోకి కేవలం వ్యాపనం ద్వారా చేరతాయి కనుక వాటిని క్రియాటినిన్‌తో భాగించకుండా లీటరు లెక్కనే చదవాలి. కండ తక్కువగా ఉన్నవారిలో, చాలామంది స్త్రీలలో క్రియాటినిన్ సహజంగానే తక్కువ ఉంటుందని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క నప్పదని గుర్తుంచుకోవాలి.

ఫలితాలను చదవడం

ఒక మనిషి ఒక రోజు ఇచ్చిన ఒక అంకె నుంచి ఏదీ తేల్చకూడదు. ఒకే పని చేసేవారిని ఒక బృందంగా తీసుకుని, ఆ బృందంలో పది మంది లోపే ఉంటే అందరినీ పరీక్షించి, మధ్యస్థ విలువను, అత్యధిక విలువను చూడాలి. పోలిక కోసం అదే ప్రాంతంలో ఉండి సాల్వెంట్ల దగ్గరకు రాని పరిపాలనా విభాగం వారి నమూనాలు కొన్ని తీసుకోవడం మంచిది. ఈ పోలిక ఎంత అవసరమో ఫ్లోరైడ్ ఉదాహరణతో తేలికగా అర్థమవుతుంది. నల్గొండ ప్రాంతపు బోరునీళ్ళు తాగి పెరిగిన కార్మికుడి మూత్రంలో కనిపించే ఫ్లోరైడ్ ఎంత ఫ్యాక్టరీది, ఎంత నీటిది అన్నది పక్క ఊరి మనిషి నమూనా లేకుండా చెప్పలేము.

బృందమంతటికీ ఎక్కువగా ఉంటే తప్పు ప్లాంటులో ఉంది. బృందంలో ఒక్కరికే ఎక్కువగా ఉంటే ముందు నమూనా మళ్ళీ తీసుకుని, అప్పటికీ అలాగే ఉంటే ఆ మనిషి చేసే పనిని దగ్గర నిలబడి చూడాలి. గాలిలో తక్కువ, మూత్రంలో ఎక్కువ ఉంటే దారి చర్మమని అనుకోవాలి. గాలిలో ఎక్కువ, మూత్రంలో తక్కువ ఉంటే మాస్కు పనిచేస్తోందన్నమాట, లేదా నమూనా సమయం తప్పిందన్నమాట. రెండోది కాదని తేలాకే మొదటిదాన్ని నమ్మాలి.

సూచిక విలువ అన్నది సురక్షితానికీ ప్రమాదానికీ మధ్య గీసిన గీత కాదు. గాలిలో అనుమతించిన హద్దు దగ్గర పనిచేసే ఆరోగ్యవంతుడిలో కనిపించే స్థాయిని ఆధారం చేసుకుని ఎక్కువ సూచికలను నిర్ణయించారు. అందుకే విలువలు హద్దులో సగం దగ్గర ఉన్నా, ఏటేటా పెరుగుతూ ఉంటే ఊరుకోకూడదు. సూచికలను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కనుక ఆ ఏటి పట్టికతోనే పోల్చాలి.

ఆ తరువాత చేయవలసినది

విలువ ఎక్కువ వచ్చిన మనిషిని వేరే బ్లాకుకు మార్చి, ఆ చోట మరొకరిని నిలబెట్టడం పరిష్కారం కాదు. డ్రమ్ము నుంచి చేత్తో పోయడం మాని పంపుతోనో నైట్రోజన్ ఒత్తిడితోనో మూసిన గొట్టాల గుండా ఛార్జింగ్ చేయడం, మ్యాన్‌హోల్ దగ్గర ఆవిరిని లాగే ఎగ్జాస్ట్, తెరిచి తీసే సెంట్రిఫ్యూజ్‌కు బదులు మూసివుండే ఫిల్టర్ డ్రయ్యర్, ఇవి ఖర్చుతో కూడినవే అయినా విలువలను నిజంగా దించేవి ఇవే.

తొడుగుల దగ్గర ఖర్చు లేకుండానే చాలా సరిదిద్దవచ్చు. పలచటి నైట్రైల్ తొడుగుల గుండా డీఎంఎఫ్, ఎండీసీ నిమిషాల్లోనే లోపలికి చేరతాయి. డీఎంఎఫ్‌కు బ్యుటైల్ రబ్బరు తొడుగులు కావాలి. బట్ట తొడుగులు సాల్వెంట్‌ను పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి కనుక అవి లేకపోవడమే మేలు. ధూళి కోసం చేసిన మాస్కు ఆవిరిని ఆపదు. మాస్కుకు బిగించి ఆవిరిని ఆపే మామూలు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ కూడా మిథనాల్, ఎండీసీ దగ్గర త్వరగా చేతులెత్తేస్తుంది కనుక అలాంటి పనులకు గాలి గొట్టంతో వచ్చే మాస్కు ఇవ్వాలి. మార్పు చేసిన తరువాత అదే బృందానికి, అదే పనికి, అదే సమయానికి మళ్ళీ పరీక్ష చేయిస్తేనే ఆ మార్పు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ఫలితం ఎక్కువగా ఉన్నవారికి డాక్టరు ఎదుట కూర్చోబెట్టి వివరించాలి, డీఎంఎఫ్ అయితే కాలేయ పరీక్షలు, మిథనాల్ అయితే కంటి చూపు పరీక్ష చేయించాలి. యాజమాన్యానికి వెళ్ళే నివేదికలో బృందాల విలువలు ఉండాలి తప్ప పేర్లు ఉండకూడదు.

రికార్డులు

1984 నాటి భోపాల్ ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-సి సెక్షన్, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులను సక్రమంగా ఉంచాలని, వాటిని కార్మికులు చూడగలిగేలా అందుబాటులో పెట్టాలని, పనిలో ఉన్నంతకాలం పన్నెండు నెలలకు మించని వ్యవధుల్లో వైద్య పరీక్ష జరపాలని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష బాధ్యతను యజమాని మీదే ఉంచింది. చట్టంలోని పన్నెండు నెలలు గరిష్ఠ వ్యవధి మాత్రమే. డీఎంఎఫ్ వంటివాటికి, విలువలు హద్దుకు దగ్గరగా ఉన్న బృందాలకు మూడు నెలలకోసారి చేయించడం సబబు.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా కార్మికుడి గుర్తింపు సంఖ్య మారుతుంది, ఆ సంఖ్యతో ముడిపెట్టిన రికార్డు అక్కడే తెగిపోతుంది. కాబట్టి ఏజెన్సీ సంఖ్యతో కాక, మనిషి పేరు, పుట్టిన తేదీ ఆధారంగా వైద్యశాలలో శాశ్వత సంఖ్య ఇచ్చి, దాని కిందే అన్ని ఫలితాలనూ ఉంచాలి. పని మానేసి వెళ్ళేవారికి, వారు అడిగినా అడగకపోయినా, ఏ రసాయనాల దగ్గర ఎన్నేళ్ళు పనిచేశారన్న వివరంతో సహా ఆ ఫలితాల నకలు చేతికివ్వాలి. పదేళ్ళ తరువాత శ్రీకాకుళంలోనో, ఒడిశాలోనో ఒక డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్నకు వారి దగ్గరుండే జవాబు ఆ కాగితమే.